గోడకి రెండు వైపులా మైకక్క

"ఇంతకీ నువ్వు ఎవరి మనిషివమ్మా?"

అడిగినవాడు యూనియన్ సెక్రటరీ. అడిగింది మైకుసెట్టు అద్దెకిచ్చే ఆవిణ్ణి. ఆవిడ స్టూలెక్కి కరెంటు స్తంభానికి హారన్ బిగిస్తోంది. పళ్ళ మధ్య పట్టుకున్న బోల్టు చేతిలోకి తీసుకుని, "అద్దె ఎవరిస్తే వాళ్ళ మనిషిని. సాయంత్రం ఆరు దాకా," అంది. కింద నిలబడ్డవాళ్ళు పగలబడి నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు. చరిత్ర మలుపు తిరగబోతున్న రోజున హారన్లు కట్టే మనిషి జోకులెయ్యడం ఆయనకి నచ్చదు.

ఆ జవాబు ఆవిడకి కొత్త కాదు. అధికారంలో ఉన్నవాళ్ళకీ అదే చెప్పేది, దిగిపోయినవాళ్ళకీ అదే చెప్పేది, ఎప్పటికీ ఎక్కలేని వాళ్ళకీ అదే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వేవారు. జవాబు తెలివైనదే, కాదనను. అది ఎవరి కొంప ముంచిందో చెప్పడానికే ఇది రాయడం.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి మైకక్క అంటారు. ఆవిడ కంటే పెద్దవాళ్ళూ అక్కే అంటారు. ఒక షట్టరు గది, గోడకి వేలాడే హారన్లు, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టి చుట్టి మేకులకి తగిలించిన వైర్లు, మూలన యాంప్లిఫయర్లు. ఏళ్ళ తరబడి హారన్ల కింద కూర్చోవడం వల్ల కుడి చెవి సగం పోయింది. అప్పు అడిగేవాళ్ళు వస్తే ఆ చెవి వాళ్ళవైపు పెట్టేది.

సభల్లో జనానికి నాయకుడి ముఖం కనిపిస్తుంది. వేదిక వెనక కూర్చున్న ఈవిడకి వీపు కనిపించేది. పేదల బాధ చెప్తూ ఎడమ చేత్తో వెనక నడుము గోక్కునే వీపులు, "చివరగా ఒక్కమాట" అన్నాక కూడా జేబులోంచి ఇంకో చీటీ తీసే వీపులు. "ఏడ్చే ముందు మైకు కాస్త పక్కకి జరుపుతారు చూడండి, ముక్కు చీదితే హారన్లో వినిపిస్తుందని," అనేది. "నిజంగా ఏడుపొచ్చినవాడికి ఆ సోయి ఉంటుందా?"

ఇంత అపనమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే చూపించడానికి ఒక తండ్రి ఉన్నాడు. సెట్టు మొదట ఆయనదే. ఒక పార్టీని నమ్మి, ఎన్ని సభలు పెడితే అన్నిటికీ ఊరికే మైకు పెట్టాడు. పార్టీ గెలిచింది. గెలిచాక సభలు పెద్దవయ్యాయి, పెద్ద కంపెనీ స్పీకర్లు లారీల్లో దిగాయి. ఆయన్ని కనీసం కుర్చీలు మొయ్యమని కూడా పిలవలేదు. ఇక్కడితో లెక్క సరిపోయింది అనుకుంటే పొరపాటు. ఎందుకంటే ఆయనకి ఆ బాధే లేదు. పోయేదాకా సంతోషంగానే ఉన్నాడు, "మన పార్టీ" అంటూనే పోయాడు. ఆయన పడాల్సిన కోపమంతా కూతురు పడింది. ఆయన పోయిన వారం నుంచీ దుకాణంలో ఒకటే రూలు: డిపాజిట్ లేకుండా సెట్టు గడప దాటదు. దేవుడొచ్చినా, దొర వచ్చినా.

ఇలాంటి మనిషిని చూస్తే మన చదువుకున్నవాళ్ళు రెండు రకాలుగా పూనకం తెచ్చుకుంటారు. ఒక రకం వాళ్ళు, "చూశారా, జనానికి అన్నీ తెలుసండీ, ఎవరినీ నమ్మరు," అని మురిసిపోతారు. తాము ఎక్కడా ఏ సంతకమూ పెట్టకుండా తప్పించుకోవడానికి వాళ్ళకి ఆవిడ ఒక సాకు. రెండో రకం వాళ్ళు, "చైతన్యం లేదు పాపం," అని నిట్టూరుస్తారు. తమ చైతన్యానికి ఇంతవరకూ పైసా ఖర్చు కానివాళ్ళే ఎక్కువగా అలా నిట్టూరుస్తారు. ఇద్దరివీ కబుర్లే. ఆవిడ జ్ఞానీ కాదు, అమాయకురాలూ కాదు. ఒకసారి మోసపోయిన ఇంట్లో పుట్టి, ఇక ఎవరి చేతికీ చిక్కకూడదని ఒట్టేసుకున్న మనిషి. అలా ఒట్టేసుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళ దగ్గర హారన్లు లేవు, అంతే తేడా.

మైకక్కకి ఒక చెల్లెలు ఉంది. పెద్దాసుపత్రి బట్టలుతికే కాంట్రాక్టరు దగ్గర పని. ఆసుపత్రి పక్కనే ఎత్తు గోడ, ఇనుప గేటు, లోపల రేకుల షెడ్డు. రోగుల దుప్పట్లు, ఆపరేషన్ గదుల గుడ్డలు, వాటి మీద రక్తం, చీము, చెప్పకూడనివన్నీ. వాటిని ముందు బ్లీచింగ్ నీళ్ళ తొట్లలో చేతులతో పిండి, తర్వాత మిషన్లలో వెయ్యాలి. రబ్బరు గ్లౌజులు ఇద్దరు ఆడవాళ్ళకి ఒక జత ఇచ్చేవారు. ఎడమది ఒకరికి, కుడిది ఒకరికి. "మా ఇద్దరికీ కలిపి ఒక మనిషి అనుకున్నాడు కాంట్రాక్టరు," అనేది చెల్లెలు. గ్లౌజు లేని చెయ్యి పొరలు పొరలుగా ఊడేది. ఊడిన చేత్తో పనికి రాలేకపోతే ఆ రోజు జీతం కట్.

ఆ షెడ్డులోనే తడిబట్టల బండి హ్యాండిలు ఎగిరి తగిలి చెల్లెలి ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. మేనేజరు పెద్ద మనసు చేసుకుని ఆ పూట ఇంటికి పంపాడు. పూట జీతం కోశాడు. అప్పట్నించీ చెల్లెలు నవ్వినా, గట్టిగా మాట్లాడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పళ్ళు కట్టించుకోవడానికని డబ్బులు దాస్తూ వచ్చింది.

షెడ్డు ఆడవాళ్ళు పని ఆపాలనుకున్నారు. మనిషికో జత గ్లౌజులు, చేతులు పాడైన రోజులకి జీతం. అడిగింది ఇంతే. గేటు ముందు సభకి మైకు కావాలని చెల్లెలు అక్క దుకాణానికి వచ్చింది.

"డిపాజిట్ ఏదే?" అంది అక్క.

"నన్నా అడుగుతున్నావు?"

"నిన్ను కాదు. యూనియన్‌ని. వచ్చింది నువ్వు కాబట్టి నీ ముఖం చూసి అడుగుతున్నా."

"చిన్నప్పుడు నాకు జడలు వేసినదానివి నువ్వే కదక్కా!"

"వాటికీ డిపాజిట్ తీసుకోవాల్సింది. ఒక్క పూట తల కుదురుగా పెట్టావా?"

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే జాకెట్లోంచి చిన్న పర్సు తీసి నాలుగువేలు బల్ల మీద పెట్టింది. పళ్ళ డబ్బులు. అవి పళ్ళ డబ్బులని అక్కకి తెలుసు. తెలిసీ తీసుకుని సొరుగులో వేసింది.

"గెలుస్తామంటావా?" అడిగింది చెల్లెలు.

"గెలవరు. గ్లౌజులిస్తారు, అదీ విసిగిపోయి. మీ సెక్రటరీ దాని మీద ఒక పుస్తకం వేసుకుంటాడు. ముందు నిలబడ్డవాళ్ళని ఏరి తీసేస్తారు. నువ్వు ముందు నిలబడకు."

"అందరూ అలాగే అనుకుంటే ముందెవరు నిలబడతారు?"

"ఎవరూ నిలబడరు. అందుకే లోకం ఇలా అఘోరించింది. బాగుందని నేనేమన్నా అన్నానా?"

అదే రోజు సాయంత్రం కాంట్రాక్టరు తరఫున మేనేజరు వచ్చాడు. సభ రోజునే, గోడకి లోపలి వైపు, పనిలోకి వచ్చేవాళ్ళతో తనూ ఒక సమావేశం పెట్టుకుంటాడట. అద్దె మొత్తం ముందే ఇచ్చాడు. ఆవిడ కాదనలేదు. కాదనాలన్న ఊహ కూడా వచ్చినట్టు లేదు. "పెళ్ళికీ ఇస్తాను, చావుకీ ఇస్తాను. పక్కపక్క ఇళ్ళల్లో రెండూ ఒకే రోజు పడ్డా ఇస్తాను," అంది. ఇక్కడ ఎవరికైనా నవ్వొస్తే నవ్వచ్చు. నాకైతే ఒళ్ళు మండుతుంది. చెల్లెలి పళ్ళ డబ్బులు ఉన్న సొరుగులోనే ఆ పళ్ళు రాలగొట్టిన కొంప డబ్బులూ వేసి తాళం పెట్టిన మనిషి, తను ఎటూ మొగ్గలేదని హాయిగా నిద్రపోయింది.

రెండు సెట్లకీ కార్డ్‌లెస్ మైకులే అడిగారు. సెక్రటరీకి జనం మధ్య తిరుగుతూ మాట్లాడటం ఇష్టం. మేనేజరుకి సెక్రటరీ దగ్గర ఉన్నది తన దగ్గరా ఉండాలి. మైకక్క దగ్గర అలాంటివి రెండే ఉన్నాయి, ఒకే షాపులో ఒకేసారి కొన్న జంట. రెండూ ఒకే చానెల్ మీద పనిచేస్తాయి. రెండూ దగ్గర దగ్గర్లో వాడాలంటే ఒకదాని వెనకున్న చిన్న స్క్రూ తిప్పి చానెల్ మార్చాలి. లేకపోతే దీన్లో మాట్లాడింది దాని హారన్లోంచీ వస్తుంది. రెండూ ఒకే వీధికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ స్క్రూ ఆవిడ ఎప్పుడూ తిప్పలేదు. ఆ రోజూ తిప్పలేదు.

పొద్దున గేటు బయట స్తంభానికి హారన్లు కట్టింది. సెక్రటరీ ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. జవాబు చెప్పి, నవ్వించి, స్టూలు దిగి, చెల్లెలికి మైకు అప్పజెప్పింది. "మాట్లాడటం అయిపోగానే స్విచ్ ఆపెయ్యి. సెల్లు తినేస్తుంది," అంది. తర్వాత గేట్లోంచి లోపలికి వెళ్ళి రెండో సెట్టు దగ్గర కూర్చుంది. ఆవిడ వెనకే గేటు మూశారు.

బయట చెల్లెలు మాట్లాడింది. ఎప్పుడూ పదిమందిలో నోరు విప్పని మనిషి గ్లౌజు గురించి చెప్పింది, ఊడిన చర్మం గురించి చెప్పింది. పళ్ళ సంగతి చెప్పేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఒక చేతిలో మైకు, రెండో చెయ్యి గాల్లో. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. గోడ అవతల, మేనేజరు మాట్లాడేదాకా ఆన్ చెయ్యని సెట్టు పక్కన కూర్చుని, అక్క అదంతా విన్నది. తర్వాత చెల్లెలు, అక్క చెప్పినట్టే, స్విచ్ ఆపింది.

బయటి మైకు మూగబోగానే బయటి హారన్లు లోపలి మైకుని అందుకున్నాయి. సమ్మె హారన్లోంచి మేనేజరు గొంతు వచ్చింది. "అమ్మా, అంతా మాట్లాడటం అయిపోయింది. లోపలికి వచ్చినవాళ్ళకి ఈ నెల జీతం పూర్తిగా వస్తుంది. సెక్రటరీగారికి అన్నీ తెలుసు. రానివాళ్ళ పేర్లు ఇవాళే కొట్టేస్తున్నాం. గేటు తీయిస్తున్నాం, రండి."

మామూలుగా గోడ అవతల నుంచి మేనేజరు ఏం అరిచినా ఎవరూ లెక్కచేసేవారు కాదు. ఇది వాళ్ళ హారన్లోంచి వచ్చింది. తమ వాళ్ళు మాట్లాడి, ఒప్పుకుని, చెప్పించిన మాట అనుకున్నారు. సెక్రటరీ "అబద్ధం, అబద్ధం" అని అరుస్తున్నాడు. మైకు లేని గొంతు ఎంత దూరం పోతుంది? చెల్లెలు కంగారుపడి, మైకు వల్లే ఇదంతా అనుకుని, దాని స్విచ్ మళ్ళీ ముట్టుకోవడానికే భయపడింది. గేటు తెరుచుకుంది. మూడోవంతు మంది తలలు దించుకుని లోపలికి నడిచారు.

లోపల మైకక్కకి మొదటి మాటకే అర్థమైంది. మేనేజరు గొంతు ముందు నుంచీ వస్తోంది, గోడ మీంచీ వస్తోంది. యాంప్లిఫయర్ కట్టేస్తే లోపలి హారన్ ఆగుతుంది తప్ప బయటిది ఆగదు. ఆగాలంటే మేనేజరు చేతిలోంచి మైకు లాక్కోవాలి. మూడడుగుల దూరంలో ఉన్నాడు. వీపు ఇటు పెట్టి ఉన్నాడు. ఆవిడకి బాగా అలవాటైన వీపు.

లాక్కోలేదు.

మాట్లాడేవాడి చేతిలోంచి మైకు లాక్కోవడం ఆవిడ వృత్తిలో లేదు. అద్దె తీసుకుంది. లాక్కుంటే ఒక పక్షం మనిషి అయిపోతుంది. మేనేజరు మాటలు మొత్తం అయ్యేదాకా, బయట చెప్పుల చప్పుడు గేట్లోకి వచ్చేదాకా, యాంప్లిఫయర్ నాబ్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ కాసేపూ ఆవిడ పూర్తిగా తటస్థంగా ఉంది. తటస్థం అనే మాటని మన పత్రికల్లో ఒక సుగుణంలా రాస్తుంటారే, అది దగ్గర్నుంచి చూస్తే అలా ఉంటుంది.

సమ్మె చెదిరిపోయాక చెల్లెలు వచ్చింది. రోడ్డు మధ్యలో, అందరి ముందూ, అక్క భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నువ్వసలు ఎవరి మనిషివక్కా?"

పొద్దున సెక్రటరీ అడిగిన ప్రశ్నే. అద్దె గురించిన జోకు ఈసారి బయటికి రాలేదు.

"స్క్రూ తిప్పడం మర్చిపోయానే."

"నేనడిగింది స్క్రూ గురించి కాదు. నువ్వు లోపలే ఉన్నావు. విన్నావు. నేను మాట్లాడిందీ విన్నావు, వాడు మాట్లాడిందీ విన్నావు. ఏం చేశావు?"

అక్క వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టింది. 

మర్నాడు సెక్రటరీ దుకాణానికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, సొంత బస్సు ఖర్చులతో తిరిగేవాడు. కానీ జరిగినదాన్ని జరిగినట్టు వదిలెయ్యడం ఆయనకి చాతకాదు. దానికి ఒక అర్థం ఉండాలి. "అమ్మా, నువ్వు వేదికెక్కి ఒక్కమాట చెప్పు చాలు. కాంట్రాక్టరు డబ్బిచ్చి ఇలా చేయించాడని. లోపలికి వెళ్ళినవాళ్ళు వెనక్కి వస్తారు."

"చేయించలేదు కదా."

"చేయించే రకమే కదమ్మా వాడు! కుట్ర అంటే జనానికి కోపం వస్తుంది. స్క్రూ మర్చిపోయింది అంటే ఎవరికి కోపం వస్తుంది?"

"నా మీద వస్తుంది. రానివ్వండి. అబద్ధం మాత్రం చెప్పను."

"ఇప్పటికీ నీకు నిజం, అబద్ధం అంటూ పట్టింపా? మీ చెల్లెలి ఉద్యోగం పోతోంది!"

"ఇన్నాళ్ళూ వేదికల వెనక కూర్చుని విన్నది ఈ మాటే సెక్రటరీగారూ. ఒక్కోసారి ఒక్కొక్కరి ఉద్యోగం పేరు చెప్తారు."

ఇక్కడ ఆవిడదే న్యాయం. అదే కదా విసుగు! అపనమ్మకం ఎప్పుడూ పూర్తిగా తప్పు కాదు. పూర్తిగా తప్పయితే విదిలించుకోవడం తేలిక. సగం ఒప్పుగా ఉంటూ, ఆ సగాన్ని చూపించి మిగతా సగం పాపాన్ని కూడా దాటించేస్తుంది.

అయితే మరుసటి రోజు గేటు ముందు ఆవిడ వేదికెక్కింది. "హలో, మైక్ టెస్టింగ్" తప్ప జీవితంలో మైకులో ఇంకోమాట మాట్లాడని మనిషి, వైరున్న పాత మైకు పట్టుకుని చెప్పింది. "మొన్న వచ్చిన గొంతు మీవాళ్ళు ఒప్పుకుని పెట్టించింది కాదు. గోడ అవతలిది. నా మైకులు కలిసిపోయాయి. స్క్రూ తిప్పకపోవడం నా తప్పు. వాడి చేతిలోంచి లాక్కోకపోవడం ఇంకో తప్పు. మొదటిది మర్చిపోయి చేశాను. రెండోది గుర్తుండే చేశాను."

చప్పట్లు లేవు. సెక్రటరీ ముఖం మాడ్చుకున్నాడు. లోపలికి వెళ్ళినవాళ్ళలో కొందరు వెనక్కి వచ్చారు, చాలామంది రాలేదు. చెల్లెలు కింద ముందు వరసలో నిలబడి, వింటున్నంతసేపూ వేరేవైపు చూసింది.

ఆఖరికి ఏమైందంటే గ్లౌజులిచ్చారు. మనిషికో జత. పాడైన చేతులకి జీతం మాత్రం ఇవ్వలేదు. ముందు నిలబడ్డవాళ్ళని ఏరి తీసేశారు. అందులో చెల్లెలు ఉంది. సెక్రటరీ పుస్తకం వేశాడు. అందులో మైకక్క పోరాటంలో మేల్కొన్న మహిళ. ఆవిడ జోస్యం అక్షరం పొల్లుపోకుండా జరిగింది. ఏ వ్యవహారమూ బాగుపడదని ముందే చెప్పేవాళ్ళ మాట నిజమైనప్పుడు మనం వాళ్ళ తెలివిని మెచ్చుకుంటాం. అది నిజం కావడంలో వాళ్ళ చెయ్యి ఎంతుందో అడగం. ఈవిడ విషయంలో ఆ చెయ్యి ఎక్కడుందో తెలుసు. నాబ్ మీద ఉంది.

మైకక్క మేల్కొందా? ఆ పుస్తకం చూపిస్తే ఆ పేజీ చింపి, మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టింది. ఏ యూనియన్‌లోనూ చేరలేదు. ఇప్పటికీ అన్ని పార్టీలకీ సెట్లు ఇస్తుంది, అందరి వీపుల్నీ వెక్కిరిస్తుంది. ఒకే ఒక్క తేడా. ఆ కాంట్రాక్టరు మనుషులు ఎప్పుడొచ్చినా సెట్టు రిపేరులో ఉంటుంది. రెట్టింపు అద్దె ఇస్తామన్నా రిపేరులోనే ఉంటుంది. హారన్లు వాళ్ళ నెత్తి మీదే పాడుతుంటాయి, అయినా రిపేరే. సెక్రటరీ కోసం అబద్ధం చెప్పనన్న మనిషి ఇప్పుడు వాళ్ళొచ్చినప్పుడల్లా చెప్తోంది. "ఇది సరిపోతుందా?" అని అడిగితే, సరిపోదు. చెల్లెలికి ఉద్యోగం తిరిగి రాలేదు. ఇళ్ళల్లో అంట్లు తోముతోంది, గ్లౌజులు లేకుండా.

తీసేశారని తెలిసిన వారంలో మైకక్క డిపాజిట్ తిరిగివ్వడానికి చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఒకే గది. చెల్లెలు బట్టలు మడతపెడుతోంది. అక్కని కూర్చోమనలేదు.

"ఇదిగోవే నీ డబ్బులు. పళ్ళు కట్టించుకో."

"డిపాజిట్ ఎప్పుడిస్తారక్కా?"

"సెట్టు తిరిగొచ్చాక."

"నేను తిరిగివ్వలేదు. ఆ రోజు స్తంభం మీంచి నువ్వే పీక్కుపోయావు. మా పని ఇంకా అవ్వలేదు. అంటే సెట్టు ఇంకా మా అద్దెలోనే ఉంది."

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు. తీసుకో."

"నీ రూలే కదక్కా. ఉంచు. మళ్ళీ గేటు ముందుకి వెళ్ళే రోజు వస్తుంది. ఆ రోజు డిపాజిట్ అడగడానికి నీకు నోరుండకూడదు."

మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పళ్ళ సందు అలాగే ఉంది. అక్క డబ్బులు తెచ్చుకుని సొరుగులో పెట్టింది.

మైకక్క ఆ నాలుగువేలు చెల్లెలికి ఇంకా ఇవ్వాలి.